పార్టీ చూసి కాదు, పద్దు చూసి
(ఉప్పల్ ప్రాంతంలోని చిల్కానగర్‌లో పాల సంఘాల సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నష్టాల్లో పడిన మోటారు కంపెనీలను ప్రభుత్వం ఆదుకోవాలా, వద్దా అన్నది ఈనాటి మన విషయం. పాడి రైతులకు కార్ల కంపెనీలతో ఏమి పని అని కొందరికి తోచవచ్చు. ఒకటి, ఆ కంపెనీలకు పోసే డబ్బు మనం కట్టే పన్నుల డబ్బే. రెండు, అటువంటి సహాయం మన డెయిరీలకూ అవసరమైన రోజులున్నాయి, ఇకముందూ ఉండవచ్చు. అందుచేత ఈ లెక్క మనకు తెలిసి ఉండాలి.

ముందుగా మన హైదరాబాద్ సంగతే చూద్దాం. 1942లో నిజాం ప్రభుత్వ పెట్టుబడితో మొదలైన ఆల్విన్ కంపెనీని ఎరుగనివారు మనలో తక్కువ. నగరంలో తిరిగిన డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు అది కట్టినవే. రిఫ్రిజిరేటర్లు, గడియారాలు కూడా తయారుచేసింది. 1980ల్లో జపాన్ నిస్సాన్ కంపెనీ సహకారంతో జహీరాబాద్‌లో చిన్న లారీల ఫ్యాక్టరీ పెట్టారు. అయితే నష్టాలు వచ్చిపడ్డాయి. 1989లో ఆ లారీల కంపెనీని మహీంద్రా వారు తీసుకున్నారు. రిఫ్రిజిరేటర్ల విభాగం 1990ల్లో వోల్టాస్ చేతికి పోయింది. జహీరాబాద్‌లో నేటికీ వాహనాలు, ట్రాక్టర్లు తయారవుతున్నాయి. అంటే ఫ్యాక్టరీ నిలిచింది, యజమాని మారాడు. ప్రభుత్వ రంగాన్ని అమ్ముకున్నారని ఒకరు, తెల్ల ఏనుగును వదిలించుకున్నారని మరొకరు అనవచ్చు. ఏ షరతుల మీద ఇచ్చారు, కార్మికులకు ఏమి దక్కింది, ఖజానాకు ఏమి మిగిలింది అని అడిగితేనే అసలు సంగతి తేలుతుంది.

ఇక ఢిల్లీ సంగతి. 1971లో సంజయ్ గాంధీ చేతుల మీదుగా మారుతీ కంపెనీ వెలిసింది. సామాన్యునికి చౌక కారు అన్నారు. ఆ కారు బజారుకు రానేలేదు. 1977లో జనతా ప్రభుత్వం వచ్చి విచారణ వేసింది; ఆ తరువాత కంపెనీ మూసివేత దాకా వెళ్ళింది. 1980లో కాంగ్రెస్ తిరిగి గెలిచింది. ఆ ఏడే ప్రభుత్వం ఆ ఆస్తులను స్వాధీనం చేసుకుని, 1981లో మారుతీ ఉద్యోగ్‌ను స్థాపించింది. ఒక కుటుంబం పేరు నిలబెట్టడానికి ప్రజల సొమ్మా అన్న అనుమానం ఆనాడు సహజమే. కాని 1982లో సుజుకీ కంపెనీతో ఒప్పందం కుదిరింది, 1983 డిసెంబరులో కారు రోడ్డెక్కింది. అది నడిచింది పార్టీ బలంతో కాదు. పనికి వచ్చే యంత్రం, పని తెలిసిన భాగస్వామి, పనిచేసే యాజమాన్యం దొరకడంతో.

అమెరికాలోనూ ఇదే తంతు. 1980 జనవరిలో ప్రెసిడెంటు కార్టర్ క్రైస్లర్ కంపెనీకి 150 కోట్ల డాలర్ల అప్పు హామీ చట్టంపై సంతకం చేశారు. కంపెనీ 1983లోనే అప్పు తీర్చేసింది. ప్రభుత్వానికి పైన 30 కోట్ల డాలర్లకు మించి లాభం వచ్చింది. 2008 డిసెంబరులో జనరల్ మోటార్స్, క్రైస్లర్ కంపెనీలు మళ్ళీ చేయి చాచాయి. సెనేట్‌లో రిపబ్లికన్లు బిల్లును అడ్డుకున్నారు. వారంరోజులు తిరిగాక వారి పార్టీ ప్రెసిడెంటు బుష్ గారే 1,740 కోట్ల డాలర్లు ప్రకటించారు. 2009లో డెమోక్రాట్ అయిన ఒబామా గారు మరింత సొమ్ము పెట్టి, ఆ కంపెనీలను దివాలా కోర్టు గుండా నడిపించారు. మొత్తం దాదాపు 8,000 కోట్ల డాలర్లు. చివరికి రాకుండా పోయినది సుమారు 900 కోట్లు. మొదలుపెట్టింది బుష్ గారైనా, జనం దాన్ని ఒబామా గారి పనిగానే తలచారు. ఆయన పార్టీవారు మెచ్చుకున్నారు, ఎదుటి పార్టీవారు తిట్టారు. సొమ్ము అదే, కంపెనీలు అవే. చూసే కళ్ళద్దాలు వేరు.

పరులను చూసి నవ్వడం సులువు. మన ఇంటి సంగతి చూద్దాం. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. 2023లో దాన్ని అమూల్ ద్వారా తెరిపిస్తామని శంకుస్థాపన చేశారు. మూతకు కారకులెవరని పార్టీలు ఏళ్ళ తరబడి వాదులాడుకున్నాయి. ఆ ఇరవై యేళ్ళూ గేదెలు పాలివ్వడం మానలేదు. తమ సొంత డెయిరీ లేని రైతు మాత్రం బజారు ఇచ్చిన ధర పుచ్చుకున్నాడు.

మనమూ సహాయం పొందినవారమే. 1970లో మొదలైన క్షీరవిప్లవం, ఐరోపా దేశాలు ఉచితంగా ఇచ్చిన పాలపొడి, వెన్ననూనెలను అమ్మిన సొమ్ముతో నడిచింది. 2014లో విజయ డెయిరీకి పాలు పోసేవారికి లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించారు. కంపెనీకి ఇస్తే దోపిడీ, మనకిస్తే న్యాయం అంటే చెల్లదు. అలాగని మనది తీసుకోవడం తప్పనీ కాదు. ఉభయులకూ ఒకే కొలత ఉండాలని మా మనవి.

మన కేంద్రంలో పాలు పోసేవాడు ఏ పార్టీవాడని అడిగి వెన్న శాతం వేస్తామా? ప్రభుత్వ సహాయానికీ అటువంటి పరీక్షే కావాలి. నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, నష్టం ఎందుకు వచ్చింది? కరువు, ధరల పతనం వంటి బయటి దెబ్బా, లేక యాజమాన్యం చేతకానితనమా? రెండు, డబ్బిచ్చేముందు ఏ మార్పు కోరారు? జనరల్ మోటార్స్‌లో పై అధికారి దిగిపోయాడు, కొన్ని బ్రాండ్లు మూసేశారు, పాత వాటాదారుల సొమ్ము పోయింది. మూడు, సొమ్ము ఎప్పుడు, ఏ రూపంలో తిరిగి వస్తుంది? తిరిగి రాకపోతే దాని బదులు ఏమి మిగులుతుంది? నాలుగు, ఇవ్వకపోతే ఎవరు మునుగుతారు? పెద్ద ఫ్యాక్టరీ ఆగితే యజమాని ఒక్కడే కాదు, నట్లు, బోల్టులు చేసిచ్చే చిన్న షెడ్డువాడూ ఆగిపోతాడు. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల పక్కన బతికేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఈ నాలుగింటికీ సరైన జవాబులుంటే, మనకు గిట్టని పార్టీ ఇచ్చినా సమర్థించాలి. లేకుంటే, మనం ఓటు వేసిన పార్టీ ఇచ్చినా నిలదీయాలి. రేపు మన సమాఖ్యకే ఇబ్బంది వచ్చి, ప్రభుత్వం ముందు చేయి చాచవలసి వస్తే, ఈ ప్రశ్నలే మనలనూ అడుగుతారు. అప్పుడు చూపడానికి ఆడిట్ అయిన పద్దులు, వేళకు జరిగిన సర్వసభ్య సమావేశాలు, పార్టీ రంగు పూయని పాలకవర్గం ఉండాలి. అవి ఉన్న సంఘం సహాయాన్ని హక్కుగా అడగగలదు. లేని సంఘం దయకోసం నాయకుని గడప దగ్గర నిలబడాలి.

కనుక ఈ ఏడు మీ సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదువుతున్నప్పుడు, టీ వచ్చేదాకా కాదు, చివరి పంక్తి దాకా కూర్చుని వినండి. అర్థం కానిది అడగండి. అదే మనకు నిజమైన రక్ష.