తోడి పాఠకునకు ఏ నవల నీయవలెను?



గ్రంథాలయమునకు క్రొత్తగా వచ్చినవాడు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: “మంచి నవల ఏదైన ఉన్నదా?” గ్రంథపాలకుడు నోరు విప్పుటకు ముందే బల్లచుట్టు కూర్చున్న నలుగురు నాలుగు పేర్లు చెప్పుదురు. ఎవరికి నచ్చిన పుస్తకము వారు చెప్పుదురేగాని, అడిగినవాడెవడో, అంతకుముందు ఏమి చదివినాడో, ఒక్క బిగిని ఎంతసేపు కూర్చుండి చదువగలడో ఎవరును విచారింపరు. అతడా పుస్తకమును తీసికొనిపోయి ఇరువది పుటలు చదివి, గడువునాటికి మరల తెచ్చి బల్లపై పెట్టి వెడలిపోవును. పిమ్మట కనబడడు. గ్రంథాలయమునకు చెదపురుగువలన కలుగు నష్టముకంటె ఇది పెద్ద నష్టము. చెదతిన్న పుస్తకమును మరల కొనవచ్చును; పోయిన పాఠకుని మరల రప్పించుట కష్టము.

కావున ఇచట చెప్పదలచినది ఉత్తమ నవలల పట్టిక కాదు. ఏ నవలను ఎవరి చేతికి, ఏమి చెప్పి ఈయవలెననుటయే ప్రస్తుత విషయము.

మొదటి పుస్తకముగా మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టర్ పార్వతీశం’ను మించినది దొరకుట అరుదు. దీని మొదటి భాగము 1924లో వెలువడినది. మొగలితుఱ్ఱు కుఱ్ఱవాడు బారిస్టరు చదువునకై ఇంటివారికి చెప్పకుండ బయలుదేరి, రైలెక్కి, ఓడయెక్కి సీమకు పోవును. దారిలో అతడు ఆడవారి టోపీని దొరలటోపీ యనుకొని కొనుట చదివి నవ్వనివాడు ఉండడు. హాస్యపు నవలలను చిన్నచూపు చూచు పెద్దలు కొందరు కలరు. పార్వతీశమును చూచి నవ్వువాడు, తెలియని లోకములో మొదటిసారి అడుగుపెట్టిన తన్ను తాను చూచుకొనియే నవ్వుచున్నాడని వారు గమనింపరు. అయితే మొదటిభాగమునకున్న వేగము తరువాతి భాగములకు లేదని ముందే చెప్పి ఇచ్చుట న్యాయము.

తొలినాటి తెలుగు నవల గదాయని ‘రాజశేఖర చరిత్రము’ను మొదటనే చేతికిచ్చువారు పొరపడుచున్నారు. వీరేశలింగముగారు దానిని 1878లో ‘వివేకవర్ధని’ పత్రికయందు ప్రకటింప నారంభించిరి. 1880లో పుస్తకముగా వచ్చినది. అందు ఆంగ్ల రచయిత గోల్డుస్మిత్ నవలయొక్క ఛాయలు కలవు. ధవళేశ్వరపు వర్ణనతో మెల్లగా మొదలగు ఆ గ్రంథము, పది నవలలు చదివి “ఇదంతయు ఎక్కడ మొదలైనది?” అని అడుగువానికి అమృతము, మొదటిసారి వచ్చినవానికి పాఠ్యపుస్తకము.

ఇక అసలు చిక్కు వచ్చునది ‘మాలపల్లి’, ‘వేయిపడగలు’ అను రెండు మహా నవలల దగ్గర. ఊరిలో రెండు పక్షములున్నచో ఈ రెండు పుస్తకములును రెండు పక్షములకు చెందును! ఒకదానిని మెచ్చినవారు రెండవదానిని ముట్టరు; ముట్టకయే దానిమీద తీర్పు చెప్పుదురు. గ్రంథాలయములో వీనిని వేరువేరు అరలలో పెట్టుటయే తప్పు.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవేలూరు చెరసాలయందు ఉండి ‘మాలపల్లి’ని వ్రాసిరి. 1922లో అది అచ్చయినది. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. తుదకు 1937లో కాంగ్రెసు మంత్రివర్గపు కాలమున ఆ నిర్బంధము తొలగినది. ఒక మాలకుటుంబమును కథకు కేంద్రముగా నిలిపి, వారి గుడిసెలోని మాటలను గుంటూరు పలుకుబడితోనే వ్రాయుట ఆనాడు సామాన్యమైన సాహసము కాదు. రామదాసు కుమారుడగు సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకు కథ ముగియకముందే మరణించును. చాలమంది అక్కడ పుస్తకము మూసివేయుదురు. కాని ‘సంగవిజయము’ అను రెండవ పేరు ఆ నవలకు ఎందులకు వచ్చినదో తరువాతి భాగమును చదివినగాని తెలియదు. నడుమ ఉపన్యాసములు దీర్ఘములే. ఆ సంగతి దాచి ఇచ్చినచో పాఠకునకు ఇచ్చినవానిపై నమ్మకము పోవును.

‘వేయిపడగలు’ 1934 నాటిది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో విశ్వనాథ సత్యనారాయణగారి ఈ గ్రంథమునకును, అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’నకును బహుమానము పంచియిచ్చిరి. సుబ్బన్నపేట యను ఊరు, అందలి దేవాలయము, జమీందారీ, వాని నాశ్రయించుకొనియున్న జీవనమంతయు కన్నులయెదుట కూలిపోవుచుండగా ధర్మారావు చూచుచుండును. ఆ పాత కట్టుబాటును గ్రంథకర్త సమర్థించుచున్నాడని కొందరు దానిని దూరముగా నుంచుదురు. సమర్థించుచున్నమాట నిజమే. అయినను ఒక ఊరు పాడగునప్పుడు పోవునవి ఎన్ని, ఎట్టివి యని ఇంత విపులముగా చూపిన నవల వేరొకటి తెలుగున కనబడదు. దేవదాసి గిరిక కథ నొక్కదానిని చదివినను ఆ శ్రమ వృథా కాదు. తరువాతి కాలమున ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావుగారు దీనిని ‘సహస్రఫణ్’ అను పేర హిందీలోనికి అనువదించిరి.

సుబ్బన్నపేటలో కూలిపోయిన కట్టుబాటు క్రిందనే సంగదాసు వంటివారు నలిగిపోయిరి. ఒక నవలలో దీపము వెలుగుచున్న చోట రెండవదానిలో చీకటి. రెండును చదివినవానికే ఊరు పూర్తిగా కనబడును.

నైజాము రాష్ట్రపు పల్లెల సంగతి ఈ రెండింటను లేదు. అందులకు వట్టికోట ఆళ్వారుస్వామిగారి ‘ప్రజల మనిషి’ (1955) కావలెను. దిమ్మెగూడెమను పల్లెలో దేశ్‌ముఖు పెత్తనము, వెట్టిచాకిరి, వానిని ఎదిరించు కంఠీరవము — కథ నిరాడంబరము, వాక్యము సూటి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొనిపోయి ఊరూర అమ్మిన మనుష్యుడు వ్రాసిన నవల ఇది. ఏ పల్లె గ్రంథాలయమునందైనను దీనికి మంచి చోటు దొరకవలెను.

బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’, గోపీచందుగారి ‘అసమర్థుని జీవయాత్ర’ వేరు జాతివి. వీనిలో కథ బయట నడువదు, మనస్సులో నడుచును. తల్లి పేరుమీద పడిన నింద దయానిధిని జీవితమంతయు వెంటాడును. సీతారామారావు తన్ను తానే తినివేసికొనును. యువకులు వీనిని ఇష్టపడుదురు. పరీక్ష తప్పి దిగులుగా తిరుగుచున్న కుఱ్ఱవానికి మాత్రము రెండవదానిని ఈయరాదు. అతనికి పార్వతీశమే మందు.

ఇంటి పని తీరిన పిమ్మట పిల్లవానిచేత చీటీ పంపి నవల తెప్పించుకొను గృహిణులను పరిహసించుట కొందరికి అలవాటు. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ చిత్రముగా వచ్చినది. చిత్రము చూచి నవలకై వచ్చిన ఇల్లాలు పాఠకురాలు కాదా? ఆమె ఆ పుస్తకము తిరిగి పంపినపుడు, దానితోపాటు వచ్చిన చీటీకి బదులుగా ‘నారాయణరావు’ను పంపి చూడవలెను.

‘మాలపల్లి’ని తిరిగి తెచ్చినవానిని గ్రంథపాలకుడు ఊరక పంపరాదు. సంగదాసు పోయిన తరువాతి కథ ఎట్లున్నదని అడుగవలెను. అతడు జవాబు చెప్పగలిగినచో, బల్లమీద ముందుగానే తీసిపెట్టిన ‘వేయిపడగలు’ను, గడువును రెట్టింపు చేసి, అతని చేతికీయవలెను.