భూమి ఆయన పేర, అప్పు ఆమె పేర

(గ్రామీణ మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పేదరికం, దాని సామాజిక ప్రభావాల గురించి మాట్లాడమన్నారు. నిర్వచనాలూ లెక్కలూ చెబుతూ కూచుంటే ఈ పూటంతా గడిచిపోతుంది. మీలో చాలామంది పొద్దున లేస్తే ఊళ్ళలో తిరిగేవాళ్ళు, కొంతమంది ఆ ఊళ్ళలోనే పుట్టి పెరిగినవాళ్ళు. దారిద్ర్యరేఖ ఎక్కడుందో నేనొచ్చి మీకు చూపించక్కర్లేదు. అందుకని ఒకే ఒక్క వస్తువు తీసుకుని మాట్లాడతాను. అది మీ అందరి సంచుల్లోనూ ఉండేదే, అప్పు పుస్తకం.

2010 వానాకాలంలో పరిశోధన కోసం వరంగల్ జిల్లాలో ఒక ఊళ్ళో ఉన్నాను. నా అంశం అప్పులు కాదు, పత్తి చేలల్లో ఆడవాళ్ళ కూలి. ఒకరోజు పొద్దున్నే ఒకావిడ ఇంట్లో కూచుని మాట్లాడుతున్నాను. ఏడు గంటలవేళ నలుగురు ఆడవాళ్ళు వచ్చి గడప ముందు కూచున్నారు. చుట్టాలేమో అనుకున్నాను. వాళ్ళని చూడగానే ఈవిడ లోపలికి పోయింది, మళ్ళీ బయటికి రాలేదు. ఆ వచ్చినవాళ్ళు ఆమె గ్రూపువాళ్ళే. ఆ వారం కిస్తీ ఆమె కట్టలేకపోయింది. కంపెనీ పిల్లవాడు రోడ్డు మీద బండి ఆపుకుని నిలబడ్డాడు. డబ్బు చేతికొచ్చేదాకా ఈ నలుగురూ కదలడానికి లేదు, కూలికి పోవడానికి లేదు. ఎవరూ గట్టిగా అరవలేదు. ఒకామె అయితే ఊరికే కూచోలేక అక్కడున్న అంట్లగిన్నెలు తోమి బోర్లించింది కూడా. పది దాటాక ఆవిడ చిన్న కూతురి కాళ్ళ పట్టీలు కొంగులో ముడేసుకుని దొడ్డిదారిన బజారుకి వెళ్ళింది. లేచి వెళ్ళిపోతూ ఆ నలుగురిలో ఒకామె నాతో అంది: "ఏం జేస్తం మేడమ్, వచ్చేవారం మా ఇంటి ముందట గూసుంటరు."

ఆ గడప ముందు దృశ్యం నన్ను చాలా కాలం వదల్లేదు. ఎందుకంటే ఆడవాళ్ళు కలిసి వెళ్ళి ఒకచోట బైఠాయించడం అనేది మన ఉద్యమానికి కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రోసమ్మ లాంటి ఆడవాళ్ళు సారా దుకాణం ముందు కూచున్నారు. చదువుకోడానికి రాత్రిబడికి వచ్చినవాళ్ళు, ఇంట్లో తిండి లేకపోవడానికీ సారాకీ ఉన్న సంబంధం మాట్లాడుకుని, ఆ మాటల్లోంచి లేచి దుకాణానికి నడిచారు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి పేరుతో రోజుకో రూపాయి దాచుకోవడం మొదలైంది. అప్పటికే, 1982 నుంచీ డ్వాక్రా ఉంది గాని, అది ఊరూరా పాకింది మాత్రం ఈ ఉద్యమం తర్వాతే. అంటే సంఘం అనే దానికి పునాది డబ్బు కాదు, మాట. కూలి గురించి, రేషన్ డీలరు గురించి, మొగుడి దెబ్బల గురించి నలుగురూ ఒకచోట కూచుని మాట్లాడుకోవడం.

సారా దుకాణం ముందు కూచున్న సంఘం, పద్దెనిమిదేళ్ళు తిరిగేసరికి తోటి ఆడదాని గడప ముందు కూచునేలా ఎట్లా మారింది? నాకు తెలిసినంతలో ఈ ప్రశ్నని మనం సూటిగా వేసుకోలేదు. మైక్రో ఫైనాన్సు కంపెనీలని తిట్టి ఊరుకున్నాం.

బ్యాంకులు సంఘాలకి అప్పులివ్వడం తప్పని నేననను. నూటికి నెలకి మూడు, అయిదు రూపాయల వడ్డీ కట్టిన ఆడవాళ్ళకి పావలా వడ్డీ, అంటే ఏడాదికి 3 శాతం, ఎంత ఊరటో నేను చూశాను. కానీ బ్యాంకు సంఘాన్ని చూసిన చూపు వేరు. ఆస్తి లేని మనిషికి హామీ ఏది? ఇరుగూ పొరుగూ. ఆమెకి వాళ్ళ ముందు ఉండే సిగ్గు. మనం ఐక్యత అని పేరు పెట్టుకున్నదాన్ని అప్పిచ్చేవాడు తాకట్టు వస్తువుగా గుర్తించాడు. ప్రైవేటు కంపెనీలు ఆ తాకట్టుని కనిపెట్టలేదు, మనం తయారుచేసి పెట్టినదాన్ని వాడుకున్నాయి. సంఘంలోంచే అయిదుగురిని విడదీసి గ్రూపు కట్టారు. సంఘం పుస్తకం చూసి ఎవరు సరిగ్గా కడుతున్నారో తెలుసుకున్నారు.

వాళ్ళ లెక్క ఒకటి చూద్దాం. పదివేలు అప్పు, పన్నెండున్నర శాతం వడ్డీ, యాభై వారాలు. వారానికి 225 రూపాయలు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇరవై అయిదో వారానికి అసలులో సగం తీరిపోయినా, వడ్డీ మాత్రం మొదటి రోజు ఇచ్చిన పదివేల మీదే నడుస్తుంది. చేతిలో నిజంగా ఉన్న డబ్బు మీద లెక్క కడితే అది ఏడాదికి 25 శాతం దాటుతుంది. ఇదొక ఉదాహరణ మాత్రమే, ఇంతకన్నా ఎక్కువ తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. పైగా వారం వారం కట్టాలి. పత్తి వారం వారం చేతికి రాదు కదా! అందుకే ఒక కంపెనీ కిస్తీకి ఇంకో కంపెనీ అప్పు.

తర్వాత జరిగింది మీకు తెలుసు. 2006 మార్చిలోనే కృష్ణా జిల్లాలో అధికారులు యాభై దాకా శాఖలు మూయించారు, మళ్ళీ సర్దుమణిగింది. 2010 నాటికి ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. అదే ఏడాది ఒక పెద్ద కంపెనీ షేర్లు బజారుకొచ్చి కోట్లు కురిశాయి. అక్టోబరు 15న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఇళ్ళ మీదికి పోకూడదు, వసూలు బహిరంగ స్థలంలో జరగాలి, వారం కాదు నెల వాయిదా, వడ్డీ అసలుని మించకూడదు అంది. వసూళ్ళు ఆగిపోయాయి, కంపెనీలు వెనక్కి తగ్గాయి. పేపర్లలో పెద్ద చర్చ. చట్టం కాపాడిందని కొందరు, పేదలకి అప్పు పుట్టకుండా చేసిందని కొందరు. రెండు పక్షాలూ అప్పు గురించే మాట్లాడాయి. ఆమెకి అప్పు ఎందుకు కావలసి వచ్చింది అన్నది ఎవరికీ పట్టలేదు.

నేను మళ్ళీ ఆ ఊరు వెళ్ళి ఆవిడ పక్కన కూచుని పుస్తకాలన్నీ ముందేసుకున్నాను. అప్పు ఫారాల ప్రకారం ఆ ఇంట్లో మూడు గేదెలూ, ఒక కిరాణా కొట్టూ ఉండాలి. గేదె కాదు కదా, దాన్ని కట్టేసే జాగా కూడా లేదు. "గట్ల రాస్తెనే ఇస్తరు" అంది నవ్వుతూ. మరి నిజంగా దేనికి తీసుకున్నావని ఒక్కో అప్పుకీ అడిగి రాసుకున్నాను.

మొదటిది పత్తి విత్తనాలకీ మందులకీ. ఉన్న ఎకరంన్నర పట్టా మామగారి పేర ఉంది. దానికి తోడు రెండెకరాలు కౌలు. బ్యాంకు పంట రుణం ఇచ్చేది పట్టా చూసి. కౌలు భూమికి ఏమీ లేదు. కౌలుదారులకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం 2011లో గాని రాలేదు. వచ్చాక కూడా ఎంతమంది చేతికి అందిందో ఊళ్ళల్లో మీరే చూస్తున్నారు. ఆ మూడున్నర ఎకరాల్లో విత్తు పెట్టేదీ, కలుపు తీసేదీ, పత్తి ఏరేదీ ఆమె. పంట అప్పు కావాలంటే ఆమె రైతు కాదు. వారం అప్పు కావాలంటే మాత్రం ఆమె సంతకమే కావాలి! భూమి ఆయన పేర, అప్పు ఆమె పేర.

రెండోది భర్త నడుము దెబ్బకి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, పెద్ద ఆపరేషన్లకి అది ఎందరికో ప్రాణం పోసింది. కానీ ఈయనకి ఆపరేషన్ పడలేదు. స్కానింగు, మందులు, ఆటో, మూడు నెలలు పనికి పోలేకపోవడం. ఇవేవీ ఏ కార్డులోకీ రావు.

మూడోది తిండి గింజలకి. ఆ ఎండాకాలం ఆమె ఉపాధి పనికి వెళ్ళింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం చట్టంలో, కూలి 15 రోజుల్లో ఇవ్వాలని రాశారు. ఆమె చేతికి రావడానికి రెండు నెలలు దాటింది. ప్రభుత్వం ఆమెకి బాకీ పడితే, ఆ బాకీకి వడ్డీ ఆమె కట్టింది!

నాలుగోది పెద్దకూతురి పెళ్ళికి. వరకట్న నిషేధ చట్టం 1961ది. ఇక్కడ ప్రభుత్వాన్ని అంటే సరిపోదు. సంఘంలో ఉన్న పదిమందీ ఆ పెళ్ళికి వెళ్ళి భోంచేసి వచ్చారు. వాళ్ళతోపాటు నేనూ.

అయిదోది, ముందు నాలుగు కిస్తీలు కట్టడానికి.

అప్పు పుస్తకం చదవడం నాకు ఆ రోజు తెలిసింది. అందులో ప్రతి పద్దూ ఎక్కడో అందని హక్కు. అది అందకపోవడం వల్ల పడిన గొయ్యిని ఆమె తన ఒంటితో పూడ్చింది. ముందుగా తన తిండి తగ్గించింది. తర్వాత చిన్న కూతుర్ని బడి మాన్పించి పత్తి ఏరడానికి తీసుకుపోయింది. తర్వాత గ్రూపులో మనుషుల ముఖం చూడ్డం మానేసింది. పేదరికం సామాజిక ప్రభావం అని మనం సదస్సుల్లో అనేది ఇదే. డబ్బు లేకపోవడం ఒక ఎత్తు, ఆ లేకపోవడాన్ని దాచుకోవడానికి ఆడదాని మీద పడే చాకిరీ ఇంకో ఎత్తు. భర్త కూడా "నీ గ్రూపులో తీస్కరా" అంటాడే గాని, కిస్తీ రోజున ఇంట్లో ఉండడు. తేకపోతే దెబ్బలు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997కల్లా సడలిపోయింది, ఆ తర్వాత బెల్టుషాపులు ఎట్లా పెరిగాయో మీకు చెప్పాలా?

ఇదంతా పాత కథ అనుకోకండి. 2022లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది, వడ్డీకి అంతకుముందున్న పరిమితి ఎత్తేసింది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకి మన 2010 నాటి చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కంపెనీలు మళ్ళీ వస్తున్నాయి. ఈలోపు ఇంకోటి వచ్చింది. 2020 చివర్లో హైదరాబాదులో, తెలంగాణ జిల్లాల్లో ఫోన్ యాప్ అప్పుల వల్ల ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు చదివారు కదా. అందులో గ్రూపు లేదనుకుంటాం. ఉంది. ఆమె ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ గ్రూపే. కట్టకపోతే ఫొటో మార్చి వాళ్ళందరికీ పంపుతారు. గడప ముందు నలుగురు కూచునే పద్ధతి అట్లా ఫోన్‌లోకి వెళ్ళింది. తాకట్టు మాత్రం అదే, ఆమె సిగ్గు.

ఇక మన సంగతి. నేను ఒక స్వచ్ఛంద సంస్థకి నివేదిక రాసిపెట్టాను, పరిశోధన రోజుల్లోనే. అందులో "వసూలు నూటికి నూరు శాతం, ఇది మహిళల సాధికారతకి నిదర్శనం" అని నా చేత్తో రాశాను. ఆ నూరు శాతంలో కాళ్ళ పట్టీలు ఎన్ని ఉన్నాయో నేను అడగలేదు. మనలో చాలామంది ఉద్యోగాలు ఆ శాతం మీదే నిలబడ్డాయి, ఆ మాట దాచుకుని లాభం లేదు.

కాబట్టి నేను అడిగేది చిన్న పని. పుస్తకంలో తేదీ, అసలు, వడ్డీ, బాకీ అని గళ్ళుంటాయి. వాటి పక్కన ఇంకో గడి గీయండి. "ఎందుకు" అని రాయండి. గేదె అని కాదు, నిజం రాయండి. ఏడాది తిరిగాక ఊరి మొత్తం మీద ఆ గడి కూడితే, వైద్యానికి ఎంత, కౌలుకి ఎంత, రాని కూలి బదులు ఎంత, కట్నానికి ఎంత అన్నది తేలుతుంది. ఆ కాగితం పట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, మండలాఫీసుకీ వెళ్దాం. కట్నం లెక్క మాత్రం మన ఊళ్ళోనే, మన సమావేశంలోనే చదవాలి. అదే అన్నిటికన్నా కష్టం.

రెండోది, కిస్తీ కట్టనివాళ్ళ ఇంటికి సంఘం పోకూడదు. ఈ మాట అనగానే నిన్న ఒక మిత్రురాలు లేచి, "మేడమ్, ఒకరు కట్టకపోతే బ్యాంకు పదిమందికీ ఆపేస్తుంది, మరి మేమేం చెయ్యాలి?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొంతవరకు, సంఘం పొదుపులోంచి ఆపద కోసం కొంత పక్కన పెట్టి ఆ కిస్తీ నింపొచ్చు. అది కూడా ఎంతో కాలం ఆగదు. బ్యాంకుకి గ్రూపంతా కలిసి వెళ్ళి గడువు అడగడం ఒక దారి. ఒంటరిగా వెళ్ళిన మనిషికి దొరకనిది పదిమందికి దొరుకుతుంది.

కంపెనీల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. 2022 నిబంధనల ప్రకారం అన్ని వాయిదాలూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం మించేలా అప్పు ఇవ్వకూడదు. పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చెయ్యకూడదు. బెదిరించడం, చుట్టాలనీ స్నేహితులనీ వేధించడం నేరుగా నిషేధం. ఇవి తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి సమాఖ్య ఆఫీసు గోడకి అంటించండి.

భోజనాలయ్యాక గుంపులుగా కూచుంటాం. పుస్తకాలు తెచ్చుకోమని ముందే చెప్పాం కాబట్టి తెచ్చినవాళ్ళు బయటికి తీయండి. రాయడం రానివాళ్ళ పక్కన వచ్చినవాళ్ళు కూచోండి. మొదటి గడి నా పుస్తకంలో నేను గీస్తాను, నాకూ రెండు అప్పులున్నాయి.