రెప్ప వేయలేని రోగి



నేడు నేను ముచ్చటింపబోవునది కంటి ఆసుపత్రికి తనంత తాను నడచివచ్చు రోగినిగూర్చి కాదు. కోవిడ్ వైరసు సోకి ఊపిరితిత్తులు రెండును చెడి, గొంతులోనికి గొట్టము దింపబడి, మత్తుమందుల ప్రభావమున కదలక మెదలక పడియున్న రోగి కంటినిగూర్చి. మండుచున్నదని చెప్పుటకు అతనికి మాట లేదు. నలుపుకొనుటకు చేయి లేవదు. బంధువులకు లోనికి ప్రవేశము లేదు. ఆ గదిలో వైద్యుని దృష్టి యంతయు ఆక్సిజన్ శాతముపైనను, రక్తపోటుపైనను నిలిచియుండుట న్యాయమే. ప్రాణము దక్కిన పిమ్మట గదా చూపు ప్రసక్తి యని కొందరందురు. నేనందుకు సమ్మతింపను. ప్రాణము దక్కి యింటికి మరలిన గద్వాల నేతగానికి నూలుచీరకు పట్టుటంచును పోగుపోగునకు కలుపుటకు చూపు చాలకపోయినచో అతడు మగ్గము దిగవలసినదే. ఆ చూపును కాపాడుటకు కావలసిన సరుకులు మందుల గదియందు మిక్కిలి చవుకయైనవి.

వైరసు నేరుగా కంటికి చేయు హాని స్వల్పము. 2020 తొలినాళ్లలో చైనాదేశపు హుబే రాష్ట్రమున పరిశీలింపబడిన 38 మంది రోగులలో 12 మందికి కండ్లు ఎఱ్ఱబారుట, నీరు గారుట వంటి లక్షణములు గానవచ్చెననియు, జబ్బు ముదిరినవారిలో అవి హెచ్చుగా నుండెననియు వైద్యపత్రికలలో ప్రకటితమయ్యెను. ఈ వ్యాధినిగూర్చి 2019 డిసెంబరు 30వ తేదీన తోడి వైద్యులను హెచ్చరించి, పోలీసుల మందలింపునకు గురియై, 2020 ఫిబ్రవరి 7న ఆ వ్యాధికే బలియైన వూహాన్ వైద్యుడు లీ వెన్లియాంగ్ నేత్రవైద్యుడే; గ్లాకోమా రోగి యొకరిని పరీక్షించునపుడు అతనికి వ్యాధి సోకియుండునని చెప్పుదురు. అయినను ఈ కండ్లకలక చాలమందిలో దానంతట నదియే నెమ్మదించును. కన్ను చెడునది ఐ.సి.యు. పడకమీదనే.

మెలకువగా నున్న మనుష్యుడు నిమిషమునకు సుమారు 15 మార్లు రెప్ప వేయును. వేసిన ప్రతిసారియు నల్లగుడ్డుమీది పారదర్శకమైన పొరపై కన్నీరు పలుచగా పరచుకొనును. కార్నియా యనబడు ఆ పొర నడిమిభాగమున అర మిల్లీమీటరు మందమే గలది, రక్తనాళములు లేనిది, తనకు వలయు ఆక్సిజనును కన్నీటిద్వారా గాలినుండియే గ్రహించునది. మనము నిద్రించునపుడు రెప్ప కొంచెము తెరచియున్నను, గుడ్డు పైకి తిరిగి కార్నియా రెప్పచాటున దాగును. గాఢమైన మత్తుతోబాటు కండరములను సడలించు మందునుగూడ ఎక్కించిన రోగికి రెప్పపాటు నిలిచిపోవును, గుడ్డు పైకి తిరుగుటయు నిలిచిపోవును. ముఖమునకు మాస్కు బిగించినచో దాని అంచునుండి తప్పించుకొను గాలి రేయింబవళ్లు కంటిపై వీచుచుండును. ఇట్లు ఎండిన కార్నియాపై గాయమగుటను వేర్వేరు ఐ.సి.యు.లలో జరిగిన పరిశీలనలు నూటికి 20 మొదలు 60 మంది రోగులవఱకు గుర్తించినవి. గాయమైన చోట సూడోమోనాస్ అను సూక్ష్మజీవి చేరెనా, ఒకటి రెండు దినములలోనే కార్నియాను కరగించి రంధ్రము చేయగలదు. ఆ సూక్ష్మజీవి యెచ్చటినుండియో రానక్కరలేదు. రోగి కఫములోనే యుండవచ్చును. గొంతుగొట్టమునుండి కఫమును లాగిన సన్నని గొట్టమును ముఖముమీదుగా త్రిప్పి తీయు అలవాటున్నచోట, ఆ తుంపర పడునది తెరచియున్న కంటిలోనే.

ఇక బోర్లా పరుండబెట్టుట. ఫ్రాన్సుదేశపు వైద్యులు ప్రముఖముగా పాల్గొని 2013లో ప్రకటించిన పరిశోధనయందు, తీవ్రమైన శ్వాసవైఫల్యముగల రోగిని దినమునకు 16 గంటలకు తగ్గకుండ బోర్లా ఉంచినచో మరణములు తగ్గుట స్పష్టమయ్యెను. కోవిడ్ కాలమున ఈ పద్ధతి ప్రపంచమంతట వ్యాపించెను. ఊపిరితిత్తులకు మేలైన ఆ భంగిమ కంటికి గండము. గుడ్డులోని ఒత్తిడి పెరుగును. తెల్లపొర నీరుపట్టి ఉబ్బి రెప్పల నడుమనుండి వెలికి వచ్చును. తల దిండుమీద సరిగా నిలువక కన్ను నేరుగా నొక్కుకొన్నచో, అరుదుగా నైనను, కంటినరమునకు రక్తము అందక చూపు శాశ్వతముగా పోవును. అందుచేత బోర్లా త్రిప్పుటకు ముందే లేపనము వేసి రెప్పలు మూసి, తలవైపు పడకను కొంచెము ఎత్తి, తలను ప్రక్కకు మార్చిన ప్రతిసారియు క్రిందివైపు కన్ను ఒత్తిడి లేకుండ నున్నదో లేదో చేతితో తడవి చూడవలయును.

నర్సమ్మ చేయవలసిన పని యెంత? టార్చిలైటు పట్టుకొని పడకప్రక్కన వంగి చూడవలయును. దూరమునుండి మూసినట్లే కనబడు రెప్పల నడుమ సన్నని తెల్లని గీత దగ్గరనుండి చూచిననే తెలియును. రెప్పలు పూర్తిగా కలిసియున్నచో శుభ్రపరచి విడువవచ్చును. తెలుపు మాత్రము కనబడుచున్నచో కన్నీటి లేపనము చాలును. నల్లగుడ్డులో నేకొంచెము కనబడినను లేపనముతోబాటు రెప్పలను మూసి పట్టీ వేయవలయును. క్రిందిరెప్పను వ్రేలితో మెల్లగా దిగలాగి, దాని లోపలి అంచువెంబడి లేపనమును ఒక వరుసగా పెట్టి, పైరెప్పను దింపి, అడ్డముగా టేపు అంటింపవలయును. పొడి గుడ్డపట్టీ నేను మెచ్చను. రెప్ప దానిక్రింద తెరచుకొన్నచో ఆ గుడ్డయే కార్నియాను గీకును. పలుచని పాలిథీన్ పొరను కంటిపై కప్పి అంచులు అంటించినచో లోపలి తేమ నిలుచును. లేపనమొక్కదానికంటె నిదియే మేలని పలు పరిశీలనలలో తేలినది. కార్నియాపై తెల్లని మచ్చ కనబడినచో మాత్రము తెల్లవారువఱకు ఆగక, నేత్రవైద్యుని ఆ రాత్రియే పిలువవలయును.

ఇక మన జిల్లాల సంగతి చూడుడు. వనపర్తి, నాగర్‌కర్నూలులలో ప్రభుత్వ వైద్యకళాశాలలు 2022లోను, గద్వాలలో 2024లోను ఆరంభమైనవి. కోవిడ్ కాలమున నవి లేవు; వ్యాధి ముదిరినవారు మహబూబ్‌నగరునకో, కర్నూలునకో, హైదరాబాదునకో తరలవలసినవారే. 2021 మే నెలలో, గద్వాల జిల్లా సరిహద్దునందలి పుల్లూరు టోల్‌గేటువద్ద, ఆంధ్రప్రదేశమునుండి హైదరాబాదునకు పోవు రోగుల అంబులెన్సులు ఆపివేయబడినవి. ఆ నెల 14వ తేదీన తెలంగాణ హైకోర్టు, అందుకై ప్రభుత్వమిచ్చిన ఉత్తర్వును నిలుపుదల చేసెను. మే నెల యెండలో, ఆక్సిజన్ జోరుగా వచ్చు మాస్కు ముఖమునకు తగిలించుకొని, ఆ రహదారిపై వేచియున్న రోగుల కండ్లను ఎవరు కనిపెట్టిరో మీరే ఊహింపుడు. నేత్రరక్షణ ఐ.సి.యు. గుమ్మమునొద్ద మొదలైన చాలదు. అంబులెన్సులోనే మొదలు కావలయును.

ఆ నెలయందే తెలంగాణ ప్రభుత్వము, కోవిడ్ రోగుల కండ్లను కబళించు బూజువ్యాధియగు బ్లాక్ ఫంగస్‌ను ప్రకటిత వ్యాధిగా నిర్ణయించి, కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రిని దాని చికిత్సకు ప్రధానస్థానముగా నియమించెను. కంటికి సంబంధించిన చికిత్సలో సరోజినీదేవి ఆసుపత్రి తోడ్పడెను. జూలై నాటికి దేశమున 45,000కు పైగా రోగులు నమోదైరి. ఈ బూజు మట్టిలోను, కుళ్లిన ఆకులలోను ఎల్లపుడు నుండునదే. చక్కెర వ్యాధి అదుపు తప్పి, స్టెరాయిడు రోగనిరోధశక్తిని అణచినపుడు ముక్కునుండి కంటిగుంటలోనికి, అచ్చటినుండి మెదడులోనికి ప్రాకును. ఆక్సిజన్ అవసరమైన రోగులకు డెక్సామెథసోన్ అను స్టెరాయిడును దినమునకు 6 మిల్లీగ్రాములు, 10 దినములకు మించకుండ ఇచ్చినచో మరణములు తగ్గునని 2020 జూనులో ఇంగ్లండునుండి తెలియవచ్చెను. ఆక్సిజన్ అక్కరలేనివారికి దానివలన ఫలము కానరాలేదు. మనవారు ఆ వార్తలో మొదటి సగము మాత్రము విని, జ్వరము వచ్చిన మూడవనాడే స్టెరాయిడు మాత్రలు మ్రింగించిరి. చక్కెర పరీక్షించినవారు కొందఱే. బూజును చంపు ఆంఫోటెరిసిన్ సూదిమందు దొరకక బంధువులు ఊరూర తిరుగుచుండగా, కంటిగుంటనంతయు తొలగించి ప్రాణము నిలుపవలసివచ్చిన రోగు లెందఱో. ఒకవైపు చెంప నొప్పి, ముక్కునుండి నల్లని స్రావము, రెప్ప వాలుట, ఒక వస్తువు రెండుగా కనబడుట: వీనిలో నేదైనను ఒక్కపూట ఉపేక్షింపదగినది కాదు.

ఇంటికి మరలిన పిమ్మట మరియొక చిక్కు. కన్ను ఎఱ్ఱబారినదని మెడికల్ షాపులో నడిగినచో దొరకు చుక్కలలో తరచుగా స్టెరాయిడు కలిసియుండును. అప్పటికే నోట స్టెరాయిడు మ్రింగినవానికి ఇది తోడైనచో కంటి ఒత్తిడి నొప్పి లేకయే పెరిగి గ్లాకోమా కాగలదు. 2018 ఆగస్టు 15న ఆరంభమైన కంటివెలుగు శిబిరములు మన పల్లెలకు కండ్లజోళ్లను తెచ్చినవి, సంతోషమే. కాని అవి యేడాది పొడుగున నడచినవి కావు. అమ్రాబాదు మండలమున నల్లమల పెంటలు అను అడవిగూడెములలో నివసించు చెంచు రోగి ఒకమారు ఆసుపత్రినుండి అడవికి మరలెనా, కంటి ఒత్తిడి చూపించుకొనుటకై తిరిగి నాగర్‌కర్నూలు దిగివచ్చుననుకొనుట మన భ్రమ. కనుక అతడు వార్డు విడువకముందే, ఒక్కొక్క కన్ను మూయించి ఎంత దూరమునుండి వ్రేళ్లు లెక్కింపగలడో చూచి, కంటి ఒత్తిడి కొలిచి, ఆ అంకెలను డిశ్చార్జి చీటీమీద చక్కెర పరీక్షఫలము ప్రక్కనే వ్రాయుడు. ఊరిలోని ఆశా కార్యకర్తకును ఫోనులో చదివి వినిపింపుడు.