కిన్నెరకు అద్దాల పెట్టె, కిన్నెర పట్టినోనికి కుర్చీ ఏది?

(నాగర్‌కర్నూల్‌లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుగూకితే మీ ఊర్లకు బస్సులుండవు. అందుకని సాగదీయకుండ చెప్తాను. హైదరాబాద్‌లో ఒక కళల మ్యూజియం వాళ్లు మన దిక్కు కళాకారులను పిలుస్తున్నరు. సాయంత్రం ఒక ప్రొఫెసరు గారి ఉపన్యాసం, దాని వెనుక కిన్నెర, డప్పు ప్రదర్శన. పోవాల్నా, వద్దా అని మన వాడల్లో పంచాయితీ నడుస్తున్నది. ‘వాళ్ల మ్యూజియంతోని మనకేం పని’ అనేటోళ్లు కొందరు. ‘పిలిచిందే పదివేలు’ అనేటోళ్లు కొందరు. రెండూ తప్పే అంటాను నేను.

సభ పెట్టి కళాకారులను పిలవడం మన ప్రాంతానికి కొత్త కాదు. గద్వాల సంస్థానానికి ‘విద్వద్గద్వాల’ అని పేరు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు కోటల్లో పండితులకు సభలు జరిగినయి, శాలువలు కప్పిన్రు, వార్షికాలిచ్చిన్రు. ఆ శాలువల పైసలు ఎక్కడివి? మన తాతలు దున్నిన భూమి శిస్తువి. ఆ సభల్లో డక్కలోని కిన్నెర మోగిందా? సంస్థానాల చరిత్రలు తిరగేయండి, పండితుల పేర్లు పేజీల కొద్దీ ఉంటయి. కిన్నెరోని పేరు నాకైతే కండ్లవడలే.

మ్యూజియం సంగతి కూడా తెలుసుకోవాలె. మద్రాసు మ్యూజియంలో 1896లో ఒక థియేటర్ కట్టిన్రు, అది ఇప్పటికీ ఉన్నది. అందులో దొరలు నాటకాలు ఆడుకున్నరు. అదే మ్యూజియానికి అధికారిగా ఉన్న థర్స్టన్ అనే తెల్లదొర మనబోటి కులాల మనుషులను నిలబెట్టి తలలు, ముక్కులు కొలిచిండు. 1909లో ఏడు సంపుటాల పుస్తకం అచ్చేసిండు. ఒక్క ఆవరణలోనే ఒకరికి నాటకం, ఇంకొకరికి కొలతల టేపు! మ్యూజియం అంటే మనోళ్లకు అనుమానం ఉన్నదంటే ఊరికే రాలేదు.

మన అలంపురంలోనూ మ్యూజియం ఉన్నది. పాత శిల్పాలు మస్తుగున్నయి, పిల్లలను తీస్కపోయి చూపెట్టండి. శ్రీశైలం నీళ్లలో మునుగుతదని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి ఊడదీసి అలంపురం తెచ్చి మళ్లీ కట్టిన్రు. మంచి పనే, నేను కాదనను. మరి అదే నీళ్లల్ల మునిగిన ఊర్ల మాలవాడలు, మాదిగవాడలు? ఆ వాడల పాటలను ఎవరన్న మోసుకొచ్చి నిలబెట్టిన్రా?

ఇగ కిన్నెర ముచ్చట. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య మీకందరికీ తెలుసు. వెదురుకు సొరకాయ బుర్రలు కట్టి, తేనె మైనంతో మెట్లు నిలబెట్టిన పన్నెండు మెట్ల కిన్నెర ఆయనది. ఉన్నోళ్లను కొల్లగొట్టి పేదోళ్లకు పంచిన పండుగ సాయన్న కథను ఊరూరా పాడిండు. 2021లో సినిమాలో పాడిండు, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో పేపర్లలో ఏం వచ్చింది? హైదరాబాద్ శివారులో ఇండ్లు కట్టే కాడ కూలికి పోతున్నడని వచ్చింది. పక్కన నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పకు బుర్రవీణకు 2024లో పద్మశ్రీ ఇచ్చిన్రు. సంతోషమే. కాని కళాకారునికి చప్పట్లు ఒక్క పూటకే, కడుపు మూడు పూటలా అడుగుతది.

నేనొక మ్యూజియంకు పోయిన, పేరు వద్దులెండి. ఒక అద్దాల పెట్టెలో డప్పు పెట్టిన్రు. కింద చీటీ: ‘తోలు వాయిద్యం, తెలంగాణ’. అంతే. పక్క పెట్టెలో కత్తి ఉన్నది. దాని చీటీ మీద దొర పేరు, దొర తాత పేరు, ఇంటిపేరు, బిరుదు. తోలు ఊనినోడు, చట్రం వంచినోడు, నిప్పుల మీద కాచి మోగించినోడు, వీళ్లెవరికీ పేరు లేదన్నమాట. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం బొమ్మ బయటికొచ్చి గంట కొడితే చూడనీకె జనం విరగబడతరు. అంటే చప్పుడు చేసే వస్తువు కాడికే జనం వస్తరు. డప్పును మాత్రం మూగదాన్ని చేసి పెట్టిన్రు.

ఇప్పుడు ఒక చేదు మాట అంటాను, కోపానికి రావద్దు. మ్యూజియం వాళ్లు కుర్చీ వెయ్యలేదని అడిగే ముందర, మనం డక్కలోళ్లకు చాప వేసినమా? భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టిండని జాంబపురాణం చెప్పి, పటం విప్పి, మన వంశాల పేర్లు నోటికి అప్పజెప్పేది వాళ్లు. మాదిగ ఇంటి ముంగట అడుక్కోవాలె, గడప లోపలికి రావద్దు అని కట్టడి పెట్టింది ఎవరు? బాపనోడా? మనమే గదా! ఆ పటాలు గోడకు వేలాడదీసి చూసుకోనీకె మ్యూజియాలకు కావాలె, చెప్పేటోడు మాత్రం ఎవరికీ వద్దు. పట్నంలో వాళ్లను ఎక్కించే అరుగు మన వాడలో ముందు ఎక్కించాలె.

అయితే పోవుడేనా? పోదాం, మన మాట మీద పోదాం. ముందుగాల ఉపన్యాసం సంగతి. మన వాయిద్యం గురించి ప్రొఫెసరు గంట మాట్లాడి, మనోనికి పది నిమిషాలిస్తే కుదరదు. వాయించేటోడే చెప్తడు, వాని భాషలనే చెప్తడు, ప్రొఫెసరు గారు కావాలంటే ప్రశ్నలడుగుతరు. కూలి పైసలు, దారి ఖర్చు ముందే కాయితం మీద రాయాలె. శాలువతోని సరిపెడితే ఒప్పుకోవద్దు. రికార్డు చేస్తే దాని నకలు కళాకారుని ఇంట్లో ఉండాలె, అమ్ముకుంటే పాలు రావాలె. చీటీ మీద చేసినోని పేరు, ఊరు పేరు ఉండాలె. ఇంకొకటి, అదే సభ అలంపురంలో గూడ పెట్టమని అడుగుదాం. మన కిన్నెర విననీకె మన ముసలోళ్లు హైదరాబాద్ దాకా టికెట్ పెట్టుకొని ఎందుకు పోవాలె?

దీనికి మన తరఫున చెయ్యాల్సిన పని ఒకటున్నది. మీ మీ మండలాల్లో కిన్నెర వాయించేటోళ్లు ఎందరున్నరు, చెయ్యొచ్చినోళ్లు ఎవరు, నేర్చుకుంటున్న పిల్లలు ఎవరన్న ఉన్నరా, ఈ మూడూ రాసుకొని వచ్చే సమావేశానికి తీసుకరండి. డక్కలోళ్ల ఇంటికి పోయి, వాళ్లింట్ల కూసోని, వాళ్లను అడిగి రాయండి. మ్యూజియం వాళ్లకు జవాబు ఆ కాయితం ముంగటేసుకొని, వాళ్లను పక్కన కూసోబెట్టుకొని రాద్దాం.