తుంటి విరిగితే ఆగకండి
(పెద్దల సమావేశంలో వాలంటీర్ల తరఫున చేసిన ప్రసంగం)

మేము డాక్టర్లం కాము, గుడి వెబ్‌సైట్ చూసుకునే వాలంటీర్లం. అయినా పెద్దవాళ్లు జారిపడ్డారని మొదటి ఫోన్ చాలాసార్లు మాకే వస్తుంది. వెంటనే వినపడే మాట: "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకండీ? మంచం మీద ఉంటే అదే అతుక్కుంటుంది."

తుంటి విషయంలో అది ప్రమాదం. ఆపరేషన్‌లో ముప్పు లేదని కాదు. కదలకుండా పడుకుంటే న్యుమోనియా, కాళ్లలో రక్తపు గడ్డలు, వీపున పుండ్లు వస్తాయి. అందుకే ఇక్కడ బ్రిటన్‌లో నైస్ సంస్థ, చేరిన రోజో మర్నాడో ఆపరేషన్ చేయమంటుంది.

ఏ ఆపరేషన్ అన్నది విరిగిన చోటును బట్టి ఉంటుంది. తొడ ఎముక పైన బంతిలాంటి తల, దాని కింద మెడ ఉంటాయి. మెడ విరిగి పక్కకు జరిగితే తలకు రక్తం అందకపోవచ్చు. స్క్రూలు బిగించినా అతుకుతుందని నమ్మకం లేదు. అందుకని బంతిని తీసి లోహపుది పెడతారు. పడకముందు బయట బాగా తిరిగినవాళ్లయితే, గిన్నెతో సహా పూర్తిగా మార్చవచ్చా అని తప్పక అడగండి. మెడకు దిగువన విరిగితే బంతి జోలికి పోరు, ప్లేటూ స్క్రూతోనో, ఎముక లోపల రాడ్‌తోనో బిగిస్తారు.

ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్లండి. అక్కడి బ్రాండ్ పేర్లు ఇక్కడ తెలియవు, రక్తం పలచబడే మాత్ర ఉంటే ముందే తెలియాలి.

మర్నాడే ఫిజియో వచ్చి లేపుతారు. "పాపం, పడుకోనివ్వండి" అని అడ్డుపడకండి. కొందరు కొన్నాళ్లు అయోమయంగా మాట్లాడతారు, అది నర్సుకు చెప్పండి. పక్కన తెలుగులో పలకరించే మనిషి కావాలంటే గుడికి ఫోన్ చేయండి, వంతులవారీగా మేం వచ్చి కూర్చుంటాం.