పశువును బండెక్కించే ముందు: కాగితాలు, నిబంధనలు, మన డిమాండ్లు

(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దటి నుంచి మద్దతు ధర గురించి, కరెంటు గురించి, అప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు చిన్నదిగా కనిపించే ఒక పెద్ద సమస్య గురించి చెప్పుకుందాం. పెబ్బేరు సంతలో బర్రెను కొన్నా, ఎమ్మిగనూరు జాతరలో ఎడ్లను కొన్నా, బేరం కుదరడం ఒక ఎత్తయితే, ఆ పశువుతో ఇల్లు చేరడం ఇంకో ఎత్తు అయింది. నడుమ దారిలో బండి ఆపి కాగితాలు అడిగితే మన దగ్గర సంత రసీదు తప్ప ఏమీ ఉండదు. అందుకే చట్టం ఏం చెబుతుందో ముందు మనం తెలుసుకోవాలి.

మొదట డ్రైవింగ్ లైసెన్సు. ట్రాక్టర్ నడిపే లైసెన్సు ఉన్నవాడు వెనక ట్రాలీ తగిలిస్తే ఆ లైసెన్సు చెల్లదని బీమా కంపెనీలు వాదించేవి. నాగశెట్టి కేసులో 2001లోనే సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. 2024 నవంబర్ 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకో మాట తేల్చింది. లైట్ మోటారు వెహికిల్ లైసెన్సు ఉంటే 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపడానికి వేరే అనుమతి అక్కర్లేదని చెప్పింది. మన ఊళ్లలో తిరిగే చిన్న ట్రాలీ ఆటోలు, పికప్ బండ్లు ఈ లెక్కలోకే వస్తాయి. అయితే అసలు లైసెన్సే లేకుండా పిల్లల చేతికి స్టీరింగ్ ఇస్తే ఏ తీర్పూ మనల్ని కాపాడదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని డ్రైవర్‌కు 5,000 రూపాయలు, బండి ఇచ్చిన యజమానికి ఇంకో 5,000 జరిమానా.

రెండోది పశువు కాగితం. 1978 నాటి పశువుల రవాణా నిబంధనల ప్రకారం, ఈ పశువు ప్రయాణానికి తగినట్టు ఉందని పశువుల డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకుంటే బండివాడు ఎక్కించుకోనే కూడదు. లారీలో ఆరు పశువులకు మించి ఎక్కించరాదు. జారకుండా కింద కొబ్బరి పీచు చాప గానీ చెక్క గానీ వేయాలి. వెంట ఒక మనిషి ఉండాలి, ప్రథమ చికిత్స సామాను ఉండాలి. పశువుల ముఖం ఇంజను వైపు ఉంటే మంచిది. వేరే సరుకు వేయరాదు.

వీటిలో చాలావాటితో మనకు పేచీ లేదు. కాలు జారి ఎద్దు తొంటి విరిగితే ఏడ్చేది మనమే.

పేచీ మూడోదానితో. 2015లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 125-ఇ అనే కొత్త నిబంధన చేర్చారు. 2016 జనవరి 1 నుంచి పశువులను తోలే బండిలో ఒక్కో పశువుకు విడిగా శాశ్వతమైన అరలు ఉండాలి. ఆవుకు, బర్రెకు 2 చదరపు మీటర్లు. గొర్రెకు, మేకకు 0.3 చదరపు మీటర్లు. ఆ బండిలో ఇంకే సరుకూ వేయరాదు.

లెక్క చూడండి. 2 చదరపు మీటర్లంటే ఇరవై ఒకటిన్నర చదరపు అడుగులు. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న ట్రాలీలో పట్టేది రెండే పశువులు. పైగా అరలు శాశ్వతంగా బిగించాలి. నేడు బర్రెను తెచ్చి, రేపు ఎరువు తోలి, ఎల్లుండి వడ్లు వేసుకునే చిన్న రైతు పశువుల కోసమని ఇంకో బండి ఎక్కడి నుంచి తెస్తాడు? అదే నిబంధనలో కోడికి ఇచ్చిన జాగా 40 చదరపు సెంటీమీటర్లు. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత! అందులో కోడిపిల్ల నిలబడుతుందేమో గానీ కోడి నిలబడదు. కోళ్లు పెంచేవాళ్లను, పశువులు సాకేవాళ్లను అడిగి రాసిన నిబంధన ఇట్లా ఉంటుందా?

1978 నిబంధనేమో చాప వేసిన మామూలు బండి చాలంటుంది. 2015 నిబంధన అరలు కావాలంటుంది. రెండూ పుస్తకంలో ఉన్నాయి. దారిలో ఆపినవాడు ఏది తీస్తే అదే చట్టం!

ఇక దొరికితే ఏమవుతుంది? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇంతేనా అనుకోకండి. 2017 నిబంధనల ప్రకారం కేసు నడిచినన్నాళ్లు పశువును గోశాలలో ఉంచవచ్చు, దాని మేత ఖర్చుకు యజమాని బాండు రాసివ్వాలి. యాభై రూపాయల తప్పుకు రోజూ పాలిచ్చే బర్రె మన కొట్టం నుంచి పోతుంది. డెయిరీకి పాలు పోసి బ్యాంకు వాయిదా కట్టే ఇంట్లో ఆ నెల వాయిదా ఎవరు కడతారు? అసలు శిక్ష అది.

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. సంత జరిగే రోజు పశువుల డాక్టరు సంతలోనే కూర్చొని, అక్కడికక్కడే, ఉచితంగా సర్టిఫికెట్ ఇవ్వాలి.

2. సొంత పశువును సొంత బండిలో తోలుకునే రైతుకు, తీసి పెట్టుకునే అరలు ఉంటే చాలని నిబంధన మార్చాలి.

3. ఏ నిబంధన వర్తిస్తుందో రవాణా శాఖ, పోలీసు శాఖ, పశుసంవర్ధక శాఖ కలిసి తెలుగులో ఒకే ఉత్తర్వు ఇచ్చి సంత గేటు దగ్గర బోర్డు పెట్టాలి.

4. తనిఖీ చేసేది అధికారులే. దారికాచిన గుంపులకు ఆ అధికారం లేదు. అట్లాంటివాళ్ల మీద కేసులు పెట్టాలి.

ఇవి సాధించేదాకా మన వైపు నుంచి లోటు లేకుండా చూసుకుందాం. రసీదు, డాక్టరు సర్టిఫికెట్, లైసెన్సు, బండి కాగితాలు ఒక కవరులో పెట్టుకోండి. ట్రాలీలో పశువుల నడుమ మనుషులను కూర్చోబెట్టకండి. సొంత పని ట్రాక్టర్‌ను కిరాయికి తోలితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ ఆ వంక పెడుతుంది. ఎవరైనా బండి ఆపితే గొడవ పడకండి. ఏ నిబంధన కింద ఆపారో రాసిమ్మని అడగండి, ఫోటో తీయండి, వెంటనే మండల సంఘానికి ఫోన్ చేయండి.

పశువు క్షేమం మీద మనకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. దానికి మేత వేసి, నీళ్లు పెట్టి, రోగమొస్తే రాత్రంతా మేలుకునేది మనం. ఆ మనల్ని అడగకుండా నిబంధనలు రాయొద్దనే మన మాట. వచ్చే సంత లోపల ప్రతి ఊరి నుంచి సంతకాలు సేకరించి కలెక్టరు గారికి ఇద్దాం. అందరూ కదలి రండి.