బీరువా తాళం తీసే చేయి
(మన సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడూ ఈ వేదిక మీద నిలబడి మేము ఏమేమి ఇచ్చామో లెక్క చెబుతాం. ఎన్ని ఫీజులు కట్టాం, ఎంతమందికి మందులు ఇప్పించాం, ఎన్ని ఇళ్లకు రేషన్ అందించాం అని. ఈసారి ఆ లెక్కలతో పాటు ఇంకొకటి కూడా చెప్పాలనుకుంటున్నాం. మీ డబ్బుతో మేము ఇచ్చినా పెద్దగా పనికిరాకుండా పోయిన దాని సంగతి. మీరు నమ్మి ఇచ్చారు కాబట్టి ఆ సంగతి కూడా మీకు తెలియాలి.

కొన్నేళ్ల కిందట చర్ల మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలకు మనం ఒక ఇనుప బీరువా, దాని నిండా కథల పుస్తకాలు ఇచ్చాం. రిబ్బను కట్టాం, ఫోటో దిగాం, ఆ ఫోటోను ఇలాంటి సంచికలోనే వేసుకున్నాం. ఈ ఏడాది మళ్లీ ఆ ఊరు వెళ్లాం. బీరువా ఉంది, పుస్తకాలూ ఉన్నాయి. చాలా పుస్తకాలకు కొత్త వాసన ఇంకా పోలేదు. మనం బాధపడాల్సింది అందుకే. పిల్లల చేతుల్లో తిరిగిన పుస్తకానికి ఆ వాసన మిగలదు.

తప్పు ఎవరిదని వెతికితే ఆ బడిలో ఎవరూ దొరకలేదు. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. మేము వెళ్లిన రోజున హెచ్‌ఎం గారు మీటింగుకు వెళ్లారు, తాళం చెవి ఆయన దగ్గరే ఉంది. రెండో టీచరు ఒకటి నుంచి ఐదు దాకా అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక వరుసకు లెక్క, ఇంకో వరుసకు చూచిరాత ఇచ్చి, మధ్యలో భోజనం బియ్యం కొలవడానికి లేస్తున్నారు. టైం టేబులులో లైబ్రరీ పీరియడు రాసి గోడకు అంటించే ఉంది. కానీ బడిలో ఒక మనిషి తగ్గగానే ముందు పోయేది ఆ పీరియడే. పైగా స్టాకు రిజిస్టరులో ఎక్కిన పుస్తకం పోతే జవాబు చెప్పాల్సింది టీచరే. అందుకని తాళం వేసి ఉంచడమే ఆమెకు క్షేమం.

ఆ సాయంత్రం తాళం చెవి వచ్చాక బీరువా తీశాం. మూడో తరగతి పాప ఒకతె బొమ్మల పుస్తకం తీసుకుని, పక్కన కూర్చున్న తమ్ముడికి పేజీ పేజీకీ కథ చెప్పింది. తెలుగులో కాదు, కోయలో. కింద అచ్చులో ఉన్న కథ వేరు, ఆ పాప బొమ్మలు చూసి అల్లుకున్న కథ వేరు. బడి గంట కొట్టేదాకా ఆమె పుస్తకం వదల్లేదు. మనం ఇచ్చిన బీరువాలో ఏముందో మాకు అప్పుడు తెలిసింది.

ఇక చట్టం ఏం చెబుతుందో చూద్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలలో గ్రంథాలయం ఉండాలని, అందులో దినపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలు ఉండాలని స్పష్టంగా చెప్పింది. 2018లో మొదలైన సమగ్ర శిక్షలో బడి స్థాయిని బట్టి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు కూడా పెట్టారు. అంతకు ముందు, 1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కాలంలోనూ చిన్న బడులకు పుస్తకాలు ఇచ్చారు. అంటే పుస్తకం గురించి ప్రభుత్వం ఆలోచించకపోలేదు.

మరి మనిషి సంగతి? అదే చట్టంలో ప్రాథమిక బడికి 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు అని లెక్క ఉంది. లైబ్రేరియన్ అనే మాట ఆ లెక్కలో లేదు. అడవి అంచున ఉన్న మన గూడేల బడుల్లో పిల్లలు తక్కువ, కాబట్టి వచ్చేది ఇద్దరే. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను పంపకూడదని చట్టం అంటుంది. అయినా ఒకరు సెలవు పెడితే చాలు, అది ఒక్క టీచరు బడి అయిపోతుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. మన రాష్ట్రంలో గురుకులాల్లో లైబ్రేరియన్ పోస్టులు ఉన్నాయి. మన పిల్లలు చదివే మైనారిటీ గురుకులాలు కూడా ఐదో తరగతి నుంచే మొదలవుతాయి. కానీ బిడ్డ చదవడం నేర్చుకునేది ఒకటి నుంచి మూడు తరగతుల మధ్య. అక్షరం కూడబలుక్కునే వయసులో పుస్తకం అందించే మనిషి ఉండడు. ఐదో తరగతికి వచ్చి, చదవడం రాక సిగ్గుపడటం మొదలయ్యాక, అప్పుడు లైబ్రేరియన్ దొరుకుతాడు. విత్తనం వేసేటప్పుడు నీళ్లు లేవు, కోతల వేళకు కాలువ వచ్చింది.

ఇది మన పిల్లల సమస్యా, కోయ పిల్లల సమస్యా అని ఎవరైనా అడగవచ్చు. ఇద్దరిదీ ఒకటే సమస్య అని మా జవాబు. మన ఇళ్లలో పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, బడికి వెళ్లి తెలుగులో చదువుతారు. కోయ బిడ్డ ఇంట్లో కోయ మాట్లాడి బడిలో తెలుగు వింటుంది. ఇంటి మాట ఒకటి, పుస్తకం మాట ఇంకొకటి అయిన పిల్లలకు పాఠ్యపుస్తకం ఒక్కటే చాలదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించాలి, ఈ బొమ్మను మీ ఇంట్లో ఏమంటారని అడగాలి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితో, చిన్న తరగతులకు పుస్తకాలు తెచ్చే పని మొదలుపెట్టింది కూడా ఈ అవసరం చూసే.

పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకెళ్లడం మనకు కొత్త కాదు. 1935లో కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం గారి ఆధ్వర్యంలో పడవ గ్రంథాలయం నడిచింది. కాలువ ఒడ్డు ఊళ్లలో పడవ ఆగితే జనం పుస్తకాలు తీసుకునేవారు. హైదరాబాదులో 1891లో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడటానికి మౌల్వీ సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ గారు కృషి చేశారు. ఒకరు పెద్ద నగరంలో గ్రంథాలయం నిలబెట్టారు, ఇంకొకరు పడవ నడిపించారు. మన తాలిపేరు ఒడ్డుకు కావాల్సింది ఆ రెండో తోవ.

అందుకే ఈ ఏడాది మా ప్రతిపాదన ఇది. కొత్త బీరువాలు వద్దు. ఒక మనిషిని పెడదాం.

ఒకే రోడ్డు మీద ఉన్న ఐదు ప్రాథమిక బడులను ఎంచుకుంటాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఒక బడి. ఉదయం ప్రార్థన నుంచి మధ్యాహ్న భోజనం దాకా ఆ గ్రంథాలయ కార్యకర్త అక్కడ ఉంటారు. ఒకటి, రెండు తరగతులకు కథ చదివి వినిపిస్తారు. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు పుస్తకం ఎంచుకుని, తమ పేరు తామే రిజిస్టరులో రాసుకుని ఇంటికి తీసుకెళతారు. శనివారం చిరిగిన పుస్తకాలు అతికించి, ఒక బడి పెట్టెలోని పుస్తకాలు ఇంకో బడికి మార్చి పెట్టుకుంటారు.

చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు. వారానికి ఆరు రోజుల చొప్పున అది 33 వారాలు. అంటే ఒక బిడ్డ ఐదేళ్లలో 165 సార్లు ఆ మనిషిని చూస్తుంది. సగం పోయినా 80 సార్లకు పైనే. ఒక్కసారి రిబ్బను కత్తిరించడానికీ, 80 సార్లు పుస్తకం చేతికివ్వడానికీ తేడా మీకు మేము చెప్పనక్కర్లేదు.

ఇందులో కష్టాలు ఉన్నాయి. దాచకుండా చెబుతాం.

మొదటిది, మన యువకులను వంతులవారీగా పంపుదామని లోగడ ప్రయత్నించాం. రెండు నెలలు బాగా నడిచింది. తర్వాత ఒకరికి పరీక్షలు, ఒకరికి ఉద్యోగం, ఒకరింట్లో పెళ్లి. సేవాభావం ఉన్నా వారం వారం రావాలంటే జీతం ఉండాలి. వేసవి సెలవుల్లోనూ ఆ జీతం ఆగకూడదు. రెండు నెలలు ఆపితే జూన్‌లో మళ్లీ కొత్త మనిషిని వెతుక్కోవాలి.

రెండోది, బడిలో మనిషి తక్కువైనప్పుడు ఈ కార్యకర్తను ఖాళీ తరగతిలో కూర్చోబెట్టడం. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో చాలా ప్రాథమిక బడుల్లో టీచరుకు పాఠం తయారీకి కాస్త తీరిక ఇవ్వడం కోసం పిల్లలను సంగీతం, ఆటల వంతులతో పాటు లైబ్రరీ వంతుకు పంపుతారు. లైబ్రేరియన్ రోజంతా వంతులతోనే నిండిపోతే, పుస్తకం కావాలని వచ్చిన బిడ్డకు దొరకడు. అక్కడా ఒక్కరే రెండు మూడు బడులు చూసుకునే చోట్లు ఉన్నాయి. ఆ అనుభవం నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటే. వంతులు పెట్టుకున్నా, విరామ సమయంలో మాత్రం పెట్టె మూయకూడదు. కార్యకర్త బదులు టీచరు కాదని హెచ్‌ఎం గారితో, ఎంఈఓ గారితో ముందే మాట్లాడుకుని, వారి అనుమతితోనే బడిలో అడుగు పెడతాం.

మూడోది, మన నేల. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు. వానాకాలంలో వాగులు పొంగితే రోడ్డు ఉండదు. మిర్చి కోతలకు, ఇప్పపూల కాలానికి పిల్లలు తల్లిదండ్రుల వెంట వెళతారు. మేడారం జాతరకు గూడేలే ఖాళీ అవుతాయి. అందుకే మన టైం టేబులును మన వానలు, మన పంటలు చూసి రాసుకుంటాం. వాన జోరు పెరగకముందే ఒక్కో బడిలో అదనంగా ఒక పెట్టె పుస్తకాలు ఉంచేస్తాం. తప్పిన రోజుకు శనివారం పూరించుకుంటాం.

నాలుగోది, పుస్తకాలు పోతాయి. పోనిద్దాం. వానలో తడుస్తాయి, మేక నములుతుంది, చిన్న తమ్ముడు చింపుతాడు. దానికి బిడ్డను దండిస్తే ఆ బిడ్డ ఇంకో పుస్తకం ముట్టుకోదు. పోయిన పుస్తకం బాధ్యత టీచరు మీద పడకుండా, ఆ పుస్తకాలు మన సంస్థ రిజిస్టరులో ఉంచుకుంటాం.

ఇక డబ్బు. కార్యకర్తకు నెలకు 10,000, పెట్రోలుకు 1,500, పుస్తకాల మరమ్మతుకు 1,000 అనుకున్నాం. మొత్తం 12,500. ఏడాదికి లక్షా యాభై వేలు. నెలకు 500 ఇచ్చే దాతలు 25 మంది దొరికితే చాలు. ఒకే మనిషి లక్షన్నర ఇచ్చే కన్నా 25 మంది నెల నెలా ఇవ్వడమే మాకు ఇష్టం. ఒకరు ఆగినా బడి ఆగదు. జకాత్ ఎవరికి చెందాలో దీన్ నిర్ణయించింది, కాబట్టి ఈ జీతానికి మేము జకాత్ డబ్బు ముట్టుకోం. సదఖా, విరాళాల ఖాతా నుంచే ఇస్తాం, రెండు ఖాతాలూ విడివిడిగా వచ్చే సంచికలో చూపిస్తాం.

మనిషిని ఎంచేటప్పుడు కోయ మాట వచ్చిన స్థానికులకు, ముఖ్యంగా ఇంటర్, డిగ్రీ చదివి ఊళ్లోనే ఉన్న అమ్మాయిలకు మొదటి అవకాశం ఇస్తాం. వారు ఏ మతమైనా, ఏ తెగ అయినా సరే. పిల్లలతో ఓపిక ఉండాలి, గట్టిగా చదివే గొంతు ఉండాలి.

దాతలారా, మంచినీళ్ల బావి తవ్వించిన వాడికి నీళ్లు తాగినంత కాలం పుణ్యం అందుతుందని మన పెద్దలు చెబుతారు. మనం బావి తవ్వించాం, కానీ చేద వేయడం మరిచిపోయాం. బీరువాలు అక్కడే ఉన్నాయి, పుస్తకాలు అక్కడే ఉన్నాయి, ఆ మూడో తరగతి పాప కూడా అక్కడే ఉంది. ఇంకో రెండేళ్లలో ఆమె ప్రాథమిక బడి దాటిపోతుంది. ఈలోగా తాళం తీసే చేయి పంపుదాం.

బయట బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాం. 25 గీతలు గీసి ఉంచాం. వెళ్లేటప్పుడు ఒక గీత మీద మీ పేరు రాయండి.

అల్లాహ్ మన చిన్న ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.